మోంపెలియే నుంచి ఆయిస్టర్లు, వైన్ ఒక్కరోజు ట్రిప్: టూర్ వ్యాన్ బుక్ చేయాలా, సొంత కారులో పోవాలా?

కొత్తగా_మోంపెలియే
హాయ్ అందరికీ. మే నెలలో మావాళ్ళు వస్తున్నారు, మొత్తం ఐదుగురం. ఇక్కడ దక్షిణ ఫ్రాన్స్‌లోనే ఉన్న సెత్, బూజిగ్ ఊళ్ళ వైపు ఒక రోజు వెళ్దామని అనుకుంటున్నాం. పొద్దున్నే బయల్దేరి థో లగూన్ (సముద్రం పక్కన ఉప్పునీటి సరస్సు) ఒడ్డున ఆయిస్టర్లు (గుల్లల్లో ఉండే జీవులు) తిని, పక్కనే తోటల్లో పిక్‌పూల్ అనే వైట్ వైన్ రుచి చూసి రాత్రికి ఇంటికొచ్చేయాలి. టూర్ వాళ్ళు వ్యాన్, గైడ్, టేస్టింగ్ కలిపి మనిషికి వంద యూరోల పైనే అడుగుతున్నారు. మాకు కారు ఉంది, ఐదుగురిలో ఒకరు అసలు తాగరు. అంత డబ్బు పెట్టడం అవసరమా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

ద్రాక్షతోట
టూర్ అస్సలు వద్దండి. వ్యాన్‌లో తిప్పి రెండు చోట్ల అరగంట అరగంట ఆపి తీసుకొచ్చేస్తారు, అక్కడ చూడాల్సింది తీరిగ్గా చూడాలి. బూజిగ్ ఒడ్డున నిలబడితే నీళ్ళలో వరసగా గుంజలు పాతి పైన కమ్మీలు వేసి కనిపిస్తాయి, వాటినే టేబుళ్ళంటారు. మెడిటరేనియన్‌లో ఆటుపోట్లు లేనట్టే కదా, అందుకని అట్లాంటిక్ వైపు చేసినట్టు ఒడ్డున సంచుల్లో వేసి పెంచడం ఇక్కడ కుదరదు, ఒక్కో ఆయిస్టర్‌ని చిటికెడు సిమెంటుతో తాడుకి అంటించి ఆ కమ్మీల నుంచి నీళ్ళలోకి వేలాడదీస్తారు, ఇరవైనాలుగ్గంటలూ నీళ్ళలోనే మేత తింటూ ఉంటాయి కాబట్టి త్వరగా ఎదుగుతాయి. లగూన్ ఒడ్డునే ఉన్న మార్సెయాన్ ఊళ్ళో ఒకాయన సోలార్ మోటారుతో తాళ్ళని పైకీ కిందకీ లాగి ఆటుపోట్లు వచ్చినట్టు చేస్తాడు కూడా. పెంచేవాళ్ళే షెడ్ ముందు బల్లలు వేసి అప్పటికప్పుడు తెరిచి పెడతారు, నిమ్మకాయ, బ్రెడ్, వెన్న, అంతే. లగూన్ వెనకాలే పినే, మేజ్, పొమెరోల్, ఫ్లోరెన్సాక్ ఊళ్ళ తోటలు. పిక్‌పూల్ ద పినే పేరుతో వైన్ అమ్మాలంటే పిక్‌పూల్ ద్రాక్ష తప్ప ఇంకోటి కలపకూడదు, 2013లో దానికి సొంత ఏఓసీ (ఫలానా ప్రాంతంలో, ఫలానా పద్ధతిలో చేసిందని ఇచ్చే గుర్తింపు) వచ్చింది. సన్నటి ఆకుపచ్చ సీసా, చూడగానే గుర్తుపడతారు. ఆయిస్టర్ ఉప్పదనానికి ఆ వైన్ పులుపు తగిలితే ఆ రుచి ఇంక దేంట్లోనూ రాదు. కారు ఉంది కదా, వెళ్ళిపోండి.

కాకినాడ_తీరం
పచ్చివి, ప్రాణంతో ఉన్నవి మింగడమే? మా వైపు గుల్లలు ఏరితే సున్నం కాల్చడానికే. కడుపు చెడితే పరాయి దేశంలో ఎవరు చూస్తారు?

లియాన్_అక్క
కడుపుతో ఉన్నవాళ్ళు, పెద్ద వయసువాళ్ళు, లివర్ సమస్య ఉన్నవాళ్ళు పచ్చివి తినకూడదమ్మా, వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ ఒకటే కాదు, వేరే బాక్టీరియా కూడా ఉంటుంది. మిగతావాళ్ళు కొనేముందు బుట్ట మీద శానిటరీ లేబుల్ ఉందో లేదో, ప్యాక్ చేసిన తేదీ ఏంటో చూసుకోండి. నీళ్ళలో కలుషితం కనపడితే ప్రిఫెక్చర్ (జిల్లా ప్రభుత్వ ఆఫీసు) వాళ్ళే అమ్మకం ఆపేయిస్తారు, వెళ్ళేముందు రోజు ఆ వార్త ఒకసారి చూసుకుంటే చాలు.

పప్పుచారు
పచ్చివి పడకపోతే వెల్లుల్లి, క్రీమ్ వేసి ఓవెన్‌లో పెట్టి ఇస్తారు, అదీ బాగుంటుంది. మస్సెల్స్ (నల్ల గుల్లలవి) అయితే ద్రాక్ష కట్టెల మంట మీద కాలుస్తారు, బ్రాసుకాడ్ అని అడగండి.

ద్రాక్షతోట
మస్సెల్స్ కాల్చుకోండి, వద్దన్నదెవరు. ఆయిస్టర్‌ని ఓవెన్‌లో పెడితే మాత్రం మిగిలేది క్రీమ్ రుచే, దానికి బూజిగ్ దాకా పోనక్కర్లేదు, సూపర్ మార్కెట్‌లో కొనుక్కుని ఇంట్లో చేసుకోవచ్చు.

హైవే_ఏ9
అందరూ రుచి గురించే మాట్లాడుతున్నారు, కారు ఎవరు నడుపుతారో ఎవరూ అడగట్లేదు. ఫ్రాన్స్‌లో లిమిట్ లీటరు రక్తానికి 0.5 గ్రాములు. ఇక్కడ కొత్తగా లైసెన్స్ తీసుకున్నవాళ్ళకి మూడేళ్ళ ప్రొబేషన్‌లో 0.2 మాత్రమే, అంటే ఒక్క గ్లాసు కూడా తాగకూడదనే లెక్క. మనవాళ్ళలో చాలామంది ఇక్కడికొచ్చాకే పరీక్ష పాసయినవాళ్ళు. దొరికితే 135 యూరోలు, లైసెన్స్ మీద ఆరు పాయింట్లు పోతాయి. మొదటి ఏడాది లైసెన్స్‌లో ఉండేవే ఆరు పాయింట్లు. మళ్ళీ మొదట్నుంచి పరీక్ష రాసుకోవాలి.

ద్రాక్షతోట
బ్రో, టేస్టింగ్ అంటే పీకలదాకా తాగడం కాదు. ప్రతి చోటా ఉమ్మేయడానికి పాత్ర పెడతారు, వైన్ తెలిసినవాళ్ళు అందరూ ఉమ్మేస్తారు. పైగా భోజనంతో పాటు రెండు గ్లాసులు తాగితే ఏమీ కాదు.

హైవే_ఏ9
తోటలో ఉమ్మేస్తారు సరే. లంచ్‌లో ఆయిస్టర్లతో తెప్పించుకున్న బాటిల్ ఎవరైనా ఉమ్మేస్తారా? రెస్టారెంట్‌లో పోసే గ్లాసులో దాదాపు పది గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, ఒక్కోటి 0.20 నుంచి 0.25 దాకా పెంచుతుంది. దిగడం గంటకి 0.10, 0.15 అంతే. పొద్దున తోటలో కొంచెం, మధ్యాహ్నం రెండు, సాయంత్రం మార్సెయాన్‌లో వెర్మూత్ (మూలికలు వేసిన వైన్) సెల్లార్‌లో ఇంకో రెండు చుక్కలు. ఆ తర్వాత వెనకసీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని హైవే ఎక్కుతారా?

ద్రాక్షతోట
ఆవిడ మొదటి పోస్ట్‌లోనే చెప్పింది, ఒకరు తాగరు అని. ఆయన నడుపుతాడు. ప్రాబ్లమ్ సాల్వ్. అసలు లేని సమస్య మీద ఇంత పెద్ద పోస్టులు ఎందుకు పెడుతున్నారో నాకర్థం కావట్లేదు.

పప్పుచారు
జూలై, ఆగస్టులో అయితే వద్దు, గుడ్లు పెట్టే కాలం, లోపల పాలలా తెల్లగా ఉంటుంది. మే పర్లేదు.

కాకినాడ_తీరం
ఎండాకాలం లగూన్ నీళ్ళే పాడైపోతాయని విన్నాను, నిజమేనా?

ద్రాక్షతోట
2018 ఆగస్టులో అయింది. ఎండలకి లగూన్ నీళ్ళలో ఆక్సిజన్ అయిపోయి మస్సెల్స్ దాదాపు అన్నీ, ఆయిస్టర్లలో మూడో వంతు చచ్చిపోయాయి. పెంచేవాళ్ళు ఎంత ఏడ్చి ఉంటారో మన ఆక్వా రైతులకి చెప్పక్కర్లేదు, రాత్రికి రాత్రి రొయ్యలు తేలిపోతే ఎలా ఉంటుందో వాళ్ళకి తెలుసు. అందుకే చెప్తున్నా, టూర్ కంపెనీకి ఇచ్చే డబ్బు నేరుగా ఆ షెడ్ దగ్గర ఖర్చుపెట్టండి, పెంచినవాడికి పోతుంది.

హైవే_ఏ9
"ఆయన నడుపుతాడు, ప్రాబ్లమ్ సాల్వ్." ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. ఆయన్ని ఎవరైనా అడిగారా?

ద్రాక్షతోట
మీకు తాగేవాళ్ళంటేనే పడదు, అది చెప్పడానికి లిమిట్లూ గ్రాములూ తెచ్చారు. సూటిగా చెప్పేస్తే సరిపోయేది.

హైవే_ఏ9
సరే సూటిగానే చెప్తా. నేను తాగను, ఎవరు తాగినా నాకు అభ్యంతరం లేదు. ఒకసారి ఇదే రూట్‌లో మా ఆఫీసు తెలుగువాళ్ళతో వెళ్ళాం, కారు నాది, నడిపింది నేను. మూడు తోటలు పెట్టుకున్నారు. రెండో తోట దగ్గరికి వచ్చేసరికి మా పాప వెనకసీట్లో నిద్రపోయింది, ఎండ, కారు వదిలి లోపలికి పోలేను, ఇంజిన్ ఆన్ చేసి ఏసీ వేసుకుని పార్కింగ్‌లో కూర్చున్నా. వాళ్ళు గంటంపావు తర్వాత నవ్వుకుంటూ బయటికొచ్చి డిక్కీలో రెండు కేసుల సీసాలు పెట్టమన్నారు. ఒడ్డున లంచ్‌కి కూర్చునేసరికి మూడయింది, పాపకి పెట్టడానికి బ్రెడ్ తప్ప ఏం మిగల్లేదు. రాత్రికి గ్రూప్‌లో లెక్క వచ్చింది, వైన్, టేస్టింగ్ ఫీజులు అన్నీ కలిపి సమానంగా పంచారు. నా వాటా కూడా అంతే. పెట్రోలు, టోల్ ఆ లెక్కలోనే లేవు. నేను కట్టేశాను, మాట్లాడలేదు. మళ్ళీ వారం "నెక్స్ట్ ట్రిప్ ఎప్పుడు" అని మెసేజ్ పెట్టారు, ఎందుకంటే డ్రైవర్ ఫ్రీగా దొరుకుతాడు కదా.

ద్రాక్షతోట
అది వాళ్ళ తప్పు, వైన్‌ది కాదు. అప్పుడే అడగాల్సింది. మా బ్యాచ్‌లో నడిపేవాడి భోజనం మేమే కడతాం, పెట్రోలు, టోల్ అతని దగ్గర పైసా తీసుకోం. అందరినీ ఒకే గాటన కట్టకండి.

హైవే_ఏ9
డబ్బులు ఇస్తే సరిపోతుందా? నేను అడిగేది రోజు గురించి. పొద్దున తోట, మధ్యాహ్నం తోట, సాయంత్రం సెల్లార్. తాగని మనిషికి ఆ రోజులో ఏముంది? అదే మీరు వేసిన ప్లాన్ చూడండి, సెత్ ఊరు లేదు, కొండ మీదకెక్కి లగూన్ ఒకవైపు సముద్రం ఒకవైపు చూడటం లేదు, బూజిగ్‌లో ఆయిస్టర్ పెంపకం మీద మంచి మ్యూజియం ఉంది, అదీ లేదు.

మోడరేటర్
ఇద్దరూ వ్యక్తిగతంగా పోకుండా రాయండి, ప్లీజ్.

లియాన్_అక్క
నేనొకటి చెప్తా. మా ఇంట్లో తాగనిది నేనే, ప్రతిసారీ స్టీరింగ్ నాకే ఇస్తారు, ఆడవాళ్ళు తాగరు కాబట్టి నడుపుతారు అనేది చాలా ఇళ్ళలో లెక్క. నాకు నడపడం ఇష్టమే, కానీ ఎక్కడ ఆగాలో కూడా నన్నే అడగాలి కదా.

ద్రాక్షతోట
అక్కా మీరన్నది ఒప్పుకుంటాను, ఎక్కడ ఆగాలో నడిపేవాళ్ళు చెప్పాలి. ఒక్క తోట చాలు, మూడొద్దు. కానీ షెడ్ దగ్గర లంచ్ మాత్రం వదలొద్దు.

పప్పుచారు
కారే వద్దు అనుకుంటే? మోంపెలియే నుంచి సెత్‌కి ట్రైన్ ఇరవై నిమిషాలు. అక్కడి కవర్డ్ మార్కెట్‌లోనే థో ఆయిస్టర్లు తెరిచి ఇస్తారు, పక్కనే గ్లాసు వైన్. ఆక్టోపస్, టమాటా కూరిన తియెల్ అనే గుండ్రటి రొట్టె అక్కడిదే, కారంగా ఉంటుంది, మనవాళ్ళకి నచ్చుతుంది.

ద్రాక్షతోట
మార్కెట్‌లో నిలబడి తినడం, టేబుళ్ళు ఎదురుగా చూస్తూ తినడం ఒకటేనా? బూజిగ్‌కి ట్రైన్ లేదు, అక్కడ్నుంచి టాక్సీ పట్టాలి.

హైవే_ఏ9
టాక్సీ పట్టనివ్వండి. ఐదుగురు వైన్‌కి పెట్టే డబ్బులో టాక్సీ ఎంత?

కొత్తగా_మోంపెలియే
అందరికీ థ్యాంక్స్. తాగనిది మా మరిది. ఇక్కడ లైసెన్స్ ఉన్నది ఆయనకీ, మావారికీ, మావారిది ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది, కాబట్టి ఆయన తాగితే స్టీరింగ్ పట్టుకోకూడదు. ఇప్పుడే మరిదికి ఫోన్ చేశాను. నడపడానికి ఓకే అన్నాడు, కానీ తోట ఒక్కటే, పొద్దున మ్యూజియం, లంచ్ ఒంటిగంటకల్లా, సాయంత్రం సెత్‌లో కాలువ పక్కన కూర్చోవాలి అన్నాడు. ఆయిస్టర్లు తను ఓవెన్‌వే తింటానన్నాడు.

ద్రాక్షతోట
ఓవెన్‌వే అంటే ఇంక నేనేం చెప్పను. షెడ్‌కి ముందురోజే ఫోన్ చేసి ఐదుగురికి బల్ల అట్టిపెట్టమనండి, మే వీకెండ్లలో దొరకదు.

హైవే_ఏ9
వైన్ బిల్లు వేరేగా వేయమని కూర్చోగానే చెప్పండి, తిన్నాక చెప్తే చేయరు.