నేర్పు ఎక్కడ అబ్బుతుంది: ఖాళీ మైదానంలోనా, పల్లెదారి మలుపుల్లోనా?

నత్తనడక

మూడేళ్లుగా మోటార్ సైకిల్ నడుపుతున్నాను. రోజూ పనికి వెళ్లి రావడం ఒక ఎత్తు, సెలవురోజు తెల్లవారకముందే ఊరు దాటి పొలాల మధ్య దారి పట్టడం ఒక ఎత్తు. ఆ రెండో దాని కోసమే బండి కొన్నానని చెప్పినా అబద్ధం కాదు.

పోయిన ఆదివారం ఒక మలుపు నన్ను మోసం చేసింది. మొదట్లో విశాలంగా కనిపించి, సగం దూరం పోయాక ముడుచుకుపోయింది. పక్కనే చెరువు, దాని మీద పలచటి పొగమంచు. నా చూపు అటు పోయింది. తిరిగి దారి మీదికి వచ్చేసరికి ఎదురుగా కాలువ గట్టు. గట్టునే చూశాను, చూస్తూనే ఉన్నాను, బండి కూడా అటే పోయింది. రెండు టైర్లూ తారు అంచు దాటి గడ్డిలోకి దిగాక గానీ ఆగలేదు. దెబ్బలేమీ తగలలేదు. ఆ క్షణంలో ఎదురుగా ఏ వాహనమూ లేదు, అంతే.

వెంట వచ్చిన మిత్రుడు "ఇదే దారిలో పది ఆదివారాలు తిరుగు, వారం వారం కాస్త వేగం పెంచు, మలుపులన్నీ చేతికి వస్తాయి" అంటాడు. నాకేమో సాధన అంతా ఖాళీ స్థలంలో చేసుకుని, పల్లెదారిని హాయిగా చూడటానికే ఉంచుకోవాలని ఉంది. చూడటానికి వెళ్లిన చోట పాఠాలు చదవడం ఎందుకు? మీరేమంటారు?

వంపుదారి

మీ మిత్రుడి మాటే నాది కూడా. గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకున్నవాడు ఎవడూ లేడు. మైదానంలో కంకర ఉండదు, ట్రాక్టర్ చక్రాలు వదిలిన బురద ఉండదు, చెట్టు నీడలో ఆరని తడి ఉండదు, మలుపు మధ్యలో అడ్డం వచ్చే గేదె ఉండదు. ఇవన్నీ లేని చోట నేర్చుకున్నది ఇవన్నీ ఉన్న చోట ఎంతవరకు పనికొస్తుంది? దారిని చదవడం ఒక విద్య. ముందున్న చెట్ల వరుస, కరెంటు స్తంభాల వరుస ఎటు తిరుగుతున్నాయో చూస్తే మలుపు కనిపించకముందే దాని సంగతి తెలిసిపోతుంది. ఈ విద్య దారి మీదే వస్తుంది.

మైదానం

ఎనిమిదేళ్లుగా కొత్తవారికి బండి నేర్పుతున్నాను. నా పేరు చూస్తేనే నేను ఎటువైపో తెలుస్తుంది కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

నత్తనడక గారూ, మీకు జరిగినదాన్ని విడదీసి చూడండి. మొదటిది, చూపు గట్టుకు అతుక్కుపోయింది. బండి చూపు వెంటే పోతుంది. భయం కలిగినప్పుడు కన్ను భయపెట్టినదాన్నే పట్టుకుంటుంది, ఆ పట్టు విడిపించుకోవడం అలవాటుగా మారాలి. రెండోది, మీరు చెప్పలేదు గానీ, నా అనుమానం ఏమిటంటే మీ చేతులు బిగుసుకుపోయి ఉంటాయి. నడక వేగం దాటాక బండిని తిప్పేది ఒళ్లు వంచడం కన్నా హ్యాండిల్‌ను తోయడమే. కుడికి వెళ్లాలంటే కుడిచేతి వైపు హ్యాండిల్‌ను ముందుకు తోయాలి, ఎడమకైతే ఎడమ వైపు. వినడానికి తలకిందులుగా ఉంటుంది. నా దగ్గరకు వచ్చేవారిలో ఏళ్ల తరబడి నడిపినవారు కూడా ఇది తెలిసి చేయరు. చేయి దానంతట అదే చేస్తూ ఉంటుంది. మలుపు ముడుచుకుని గుండె ఝల్లుమన్నప్పుడు మాత్రం ఆ చేయి మానేస్తుంది. తెలిసి చేసేవాడు ఆ క్షణంలో ఇంకాస్త తోస్తాడు, బండి ఇంకాస్త వంగుతుంది, మలుపు పూర్తవుతుంది. మీ బండి ఆ రోజు ఇంకా వంగగలిగేదనే నా నమ్మకం. మీరు అడగలేదు.

ఇక బ్రేకు. ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజకూడదు. మొదట మెల్లగా నొక్కితే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, టైరు నేలకు అదుముకుంటుంది, ఆ తర్వాత క్రమంగా ఇంకా గట్టిగా నొక్కవచ్చు. బరువు రాకముందే గుంజితే చక్రం బిగిసి జారుతుంది. ఈ తేడా వేళ్లకు తెలియాలంటే ఒకే చోట, ఒకే వేగంలో, ముప్పై నలభై సార్లు ఆపాలి. పల్లెదారిలో ముప్పై సార్లు గట్టిగా బ్రేకు వేస్తూ పోతే వెనక వచ్చేవాడు మిమ్మల్ని ఏమంటాడో ఊహించుకోండి.

క్లచ్‌ను సగం పట్టి, వెనక బ్రేకును కాస్త తాకిస్తూ, నేల మీద కాలు పెట్టకుండా ఎనిమిది అంకె చుట్టడం కూడా అంతే. పిల్లల ఆటలా ఉంటుంది. అది చేతనైనవాడికి కంకర దారిలో వెనక్కి తిప్పుకోవడం నీళ్లు తాగినంత సులువు.

కొలతబద్ద

"వారం వారం కాస్త వేగం పెంచు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. కాస్త అంటే ఎంత?

50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తీసుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో అందులో వెళ్లాలంటే బండి సుమారు 30 డిగ్రీలు వంగాలి. 80తో వెళ్లాలంటే 45 డిగ్రీలు. చాలా మామూలు బళ్లలో అంతకు ముందే కాలు పెట్టుకునే కమ్మీ నేలకు రాసుకుంటుంది. వేగం పెరిగింది మూడో వంతే. వంపు ఒకటిన్నర రెట్లయింది.

ఆగే దూరం కూడా చూడండి. పొడి తారు మీద, మంచి బ్రేకుతో, ప్రమాదం గమనించి చేయి కదలడానికి ఒక సెకను పడుతుందనుకుంటే 60 దగ్గర మొత్తం 36 మీటర్లు కావాలి. 80 దగ్గర 57 మీటర్లు. చెట్లు కమ్ముకున్న మలుపులో మీకు కనిపించే దారి 40 మీటర్లే అయితే, 60 దగ్గర మీరు బతికి బట్టకడతారు. 80 దగ్గర ఎదురుగా ఏమీ లేకపోవడం మీద ఆధారపడతారు. నత్తనడక గారు పోయిన ఆదివారం ఆధారపడింది దాని మీదే.

వంపుదారి

కొలతబద్ద గారి లెక్కలను నేను కాదనను. కానీ వేగం పెంచమన్నది నేను కాదు, ఆయన మిత్రుడు. నేను అన్నది దారి మీదే నేర్చుకోవాలని. "కనిపించినంత దూరంలో ఆగగలిగేంత వేగం" అన్న సూత్రం మైదానంలో ఎలా నేర్పుతారు? అక్కడ అంతా కనిపిస్తూనే ఉంటుంది కదా!

మలుపులో దారి రెండు అంచులూ దూరాన కలిసినట్టు ఒక చోటు కనిపిస్తుంది. దాని మీద చూపు నిలపండి. అది మీ నుంచి దూరం జరుగుతుంటే మలుపు విప్పుకుంటోంది, థ్రాటిల్ ఇవ్వవచ్చు. మీ మీదికి వస్తుంటే మలుపు ముడుచుకుంటోంది, వేగం తగ్గించాలి. నత్తనడక గారి మలుపులో ఆ చోటు ఆయన మీదికి పరుగెత్తి వచ్చి ఉంటుంది. ఆయన చెరువును చూస్తున్నారు.

మైదానం

అది ఒప్పుకుంటాను. ఆ ఒక్కటి దారి మీదే వస్తుంది. కానీ ముడుచుకుంటోందని కన్ను చెప్పాక, చేయవలసింది చేతికి ముందే వచ్చి ఉండాలి.

పాత ఇంజన్

మీ వాదన చదువుతుంటే నా మోకాలి మీది మచ్చ దురద పెడుతోంది.

నేను పాతికేళ్ల వయసులో గుంపుతో తిరిగేవాడిని. ముందు పోయేవాడు నాకన్నా చాలా నేర్పరి. అతని వెనక ఎర్ర దీపాన్ని పట్టుకుని పోతుంటే నాకూ అంత నేర్పు వచ్చేసిందని అనిపించేది. మలుపును నేను చూడటం మానేశాను, అతని దీపాన్నే చూశాను. ఒక రోజు అతను తేలిగ్గా తిరిగిపోయిన మలుపులో నేను తిరగలేదు. ఆరు వారాలు మంచం. ఆ తర్వాత నుంచి గుంపులో వెళ్లినా వెనకబడి పోతాను. దారి చీలిన చోట ముందువారు ఆగి ఉండాలన్న ఒప్పందం మీదే వెళ్తాను. ఆ ఒక్క ఒప్పందం ఉంటే ఎవరూ ఎవరినీ తరమనక్కరలేదు. అది లేని గుంపు ఎంత స్నేహితులదైనా నాకు వద్దు.

అందుకే నత్తనడక గారూ, మైదానమా, దారా అన్నది తర్వాత చూద్దాం. ఆ మిత్రుడి వెనక వెళ్లడం మానండి. ముందు మీరు వెళ్లండి, లేదా ఒంటరిగా వెళ్లండి.

ఇంకొక మాట, వంపుదారి గారికి. కరెంటు స్తంభాలను నమ్మకండి. స్తంభాలు వేసినవాళ్లు తీగ మిగుల్చుకోవాలని చూస్తారు, దారి మలుపు తిరిగినా అవి పొలానికి అడ్డంపడి నేరుగా పోతాయి. చెట్ల వరుస కొంత నయం.

వంపుదారి

పదిహేనేళ్లుగా స్తంభాలను చూసే నడుపుతున్నాను.

పాత ఇంజన్

నిన్నటి వరకు నిజం చెప్పినవాడే రేపు కోర్టులో అబద్ధం చెబుతాడు.

వెనకసీటు

నాకు బండి నడపడం రాదు. పన్నెండేళ్లుగా మావారి వెనక కూర్చుని తిరుగుతున్నాను. ఈ చర్చలో దృశ్యాలను నిజంగా చూసేది నేనొక్కదాన్నే అనిపిస్తోంది, కాబట్టి మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను.

మొదటి రెండేళ్లు నా హెల్మెట్ ఆయన హెల్మెట్‌కు టక్కున తగులుతూ ఉండేది. గేరు మార్చినప్పుడల్లా, బ్రేకు వేసినప్పుడల్లా. ఇప్పుడు రోజంతా తిరిగినా ఒకటి రెండు సార్లకు మించదు. ఆయన నేర్పును కొలవడానికి నా దగ్గర ఉన్న కొలత అదే. మీ వంపు డిగ్రీల కన్నా నమ్మకమైనది.

ఇల్లు చేరాక "ఆ కొండ వాలున ఎర్రగా పూసిన చెట్టు చూశారా" అంటే అప్పట్లో బిక్కమొహం వేసేవారు. "ఏ కొండ?" అనేవారు. ఇప్పుడు "రెండు చెట్లు, వెనకది ఆకు రాల్చేసింది" అంటారు. మెడ తిప్పి చూశారా అంటే లేదు, నేను వెనకే ఉన్నాను కదా, ఆ హెల్మెట్ కదలదు. చేతులకూ కాళ్లకూ పని అలవాటైపోయాక మనసులో కాస్త చోటు మిగిలినట్టుంది. తిన్నటి దారిలో వేగం తగ్గించి ఒక్క క్షణం కన్ను తిప్పుతారు, మళ్లీ దారి మీదికి వస్తారు. మలుపులో మాత్రం నేను ఎంత పిలిచినా పలకరు.

చూడటానికి వెళ్లిన చోట పాఠాలెందుకు అన్నారు కదా నత్తనడక గారు, పాఠం రానివాడికి అక్కడ ఏమీ కనిపించదని మా ఇంట్లో తేలింది. ఇంకా బాగా చూడాలనిపిస్తే ఆపమంటాను. ఆపుతారు. బండికి స్టాండు ఉన్నది అందుకే.

కొలతబద్ద

హెల్మెట్ కొలత నాకు నచ్చింది, నిజంగానే. శాస్త్రీయం కూడా, త్వరణంలో మార్పునే కొలుస్తోంది.

మైదానం

శిక్షణ సంగతి తేలకుండానే జారిపోతోంది కాబట్టి ఒక అంకె. 1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం ఒక నివేదిక ఇచ్చింది. లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో 900 మోటార్ సైకిల్ ప్రమాదాల స్థలాలకు స్వయంగా వెళ్లి పరిశీలించారు. ఆ ప్రమాదాలకు గురైన వారిలో 92 శాతం సొంతంగానో, ఇంటివారి దగ్గరో స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవారు. ఒక్క బండే పడిపోయిన ప్రమాదాల్లో దాదాపు మూడింట రెండు వంతులు నడిపేవారి పొరపాట్లు: బ్రేకు అతిగా వేసి జారడం, లేదా వేగం ఎక్కువై, తగినంత వంచలేక మలుపు దాటి బయటకు పోవడం. అచ్చం పోయిన ఆదివారం జరిగినది.

వంపుదారి

అదే నివేదికలో ఇంకొకటి కూడా ఉంది. ఆ ప్రమాదాల్లో ముప్పావు వంతు వేరే వాహనంతో ఢీకొన్నవి. వాటిలో మూడింట రెండు వంతులు ఎదుటి వాహనం దారి ఇవ్వకుండా అడ్డం రావడం వల్ల జరిగాయి. అడ్డం వచ్చేవాడిని ముందే పసిగట్టడం మీ ఎనిమిది అంకెలో ఉందా? పైగా శిక్షణ వల్ల ప్రమాదాలు తగ్గుతాయా అని అధ్యయనాలన్నీ పోల్చిచూసిన సమీక్ష ఒకటి 2010లో వచ్చింది, కోక్రేన్ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థది. ఏ శిక్షణ మేలో అది తేల్చలేకపోయింది, ఆధారాల నాణ్యత చాలదంది.

మైదానం

తేల్చలేకపోవడం వేరు, పనికిరాదని తేల్చడం వేరు. నా దగ్గర నేర్చుకున్నవాడు "నాకు అన్నీ వచ్చేశాయి" అనుకుని వెళ్తే నేను నేర్పినదానికి విలువ లేదు, అది మాత్రం ఒప్పుకుంటాను. అలాంటివాళ్లను చూశాను. మొదటి రోజు భయంతో నెమ్మదిగా నడిపినవాడు మూడో రోజు గర్వంతో దూకుడుగా నడుపుతాడు. అందుకే చివరి రోజు అందరినీ తీసుకుని దారి మీదికి వెళ్తాను, నేను ముందుండి, నెమ్మదిగా.

వంపుదారి

అంటే మీరు కూడా దారి మీదికే వచ్చారు.

మైదానం

చివరి రోజు, వంపుదారి గారూ. చివరి రోజు.

నత్తనడక

మూడు వారాల తర్వాత తిరిగి రాస్తున్నాను.

రెండు శనివారాలు ఖాళీ స్థలంలో గడిపాను. మైదానం గారు అన్నది నిజమే, హ్యాండిల్‌ను తెలిసి తోయడం నాకు ఇంతకుముందు రాదు. మొదటిసారి తోసినప్పుడు బండి ఎంత చటుక్కున వంగిందంటే భయపడి వదిలేశాను. ఎనిమిది అంకె ఇంకా పూర్తిగా రాలేదు, ఎడమ వైపు తిరిగేటప్పుడు కాలు దిగుతోంది. మిత్రుడితో వెళ్లడం ఆపాను. అతను కాస్త నొచ్చుకున్నాడు.

నిన్న ఒంటరిగా అదే దారిలో వెళ్లాను. ఆ మలుపు ముందు తిన్నటి దారిలోనే వేగం తగ్గించి, గేరు దించి, అంచులు కలిసే చోటు మీద చూపు పెట్టి తిరిగాను. వంపుదారి గారు చెప్పినట్టే అది మీదికి వచ్చింది. తోశాను. తిరిగింది. చెరువును చూడలేదు.

మలుపు దాటాక వెడల్పయిన చోట బండి ఆపి, నడిచి వెనక్కి వచ్చి చూశాను. అప్పుడు అర్థమైంది ఆ రోజు నేను ఎందుకు మోసపోయానో. దారి చెరువు గట్టును చుట్టుకుని తిరిగిపోతోంది. కరెంటు స్తంభాలు మాత్రం తిరగలేదు. చెరువులో నాలుగు స్తంభాలు నీళ్లలో నిలబడి, నేరుగా అవతలి ఒడ్డుకు పోతున్నాయి. అరగంట అక్కడే కూర్చున్నాను. ఒక్కొక్క స్తంభం మీద ఒక పక్షి.

వంపుదారి

స్తంభాల విషయంలో ఓడిపోయాను, పాత ఇంజన్ గారూ. మైదానం విషయంలో కాదు.