క్యాంపస్ పక్క కాలనీల్లో బ్యాచిలర్లకు ఇళ్లు ఇవ్వొద్దని తీర్మానం చెయ్యడం సరైనదేనా?

హబ్సిగూడ నివాసి (చర్చ మొదలుపెట్టినవారు):

మాది ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌కి దగ్గర్లో ఉన్న కాలనీ. కాలనీ పేరు రాయను, రోజూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సినవాళ్లం. పోయిన నెల సంక్షేమ సంఘం మీటింగులో ఒక తీర్మానం పెట్టారు. ఇకమీదట బ్యాచిలర్లకు ఎవరూ పోర్షన్లు ఇవ్వకూడదు. ఇప్పుడున్నవాళ్లను అగ్రిమెంటు అయిపోగానే ఖాళీ చేయించాలి. మాట వినని ఓనరుకు జరిమానా. వచ్చే మీటింగులో ఓటింగ్.

నేను దీనికి వ్యతిరేకం. అలాగని ఇబ్బందులు లేవని అనను. మా పక్కింటి పై పోర్షన్‌లో అయిదుగురు కుర్రాళ్లుంటారు, వాళ్లకి నాలుగు బైకులు. గేటు లోపల రెండే పడతాయి. మిగతావి రోడ్డు మీద, సరిగ్గా మా ర్యాంపుకు అడ్డంగా పెడతారు. ఒక రాత్రి మా నాన్నగారికి ఊపిరాడక అంబులెన్సు పిలిస్తే, హ్యాండిల్ లాక్ వేసి ఉన్న బండిని ఎత్తి పక్కన పెడితే తప్ప స్ట్రెచర్ బయటికి రాలేదు. బండిని ఎత్తింది పైనుంచి పరుగెత్తుకొచ్చిన ఆ పిల్లలే. వాళ్లలో ఇద్దరు ఆస్పత్రి దాకా వచ్చి తెల్లారేదాకా ఉన్నారు. బండి అడ్డం పెట్టిందీ వాళ్లే, ఆదుకున్నదీ వాళ్లే. తీర్మానంలో మొదటిదే రాశారు.

ఇంకో మాట. ఈ చుట్టుపక్కల బతుకంతా క్యాంపస్ పెట్టిందే. 1918లో పుట్టిన యూనివర్సిటీ మొదట్లో అద్దె భవనాల్లోనే నడిచింది. ఇక్కడ ఆర్ట్స్ కాలేజీ భవనం తెరిచింది 1939లో. తర్వాత ఇఫ్లూ, జాతీయ పోషకాహార సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీ, సీసీఎంబీ లాంటి విద్యా, పరిశోధన సంస్థలు ఒక్కొక్కటిగా ఈ చుట్టుపక్కలే వచ్చాయి. మన స్థలాలకు ధర వచ్చింది వాటివల్ల. ధర మనకు కావాలి, ఆ ధర తెచ్చిన పిల్లలు మాత్రం వద్దంటే ఎలా?

రిటైర్డ్ టీచర్ (అదే కాలనీ):

బాబూ, నేను తీర్మానం వైపే. ముప్పై అయిదేళ్లు పిల్లల మధ్యే బతికినదాన్ని, పిల్లలంటే గిట్టక రాస్తున్నానని అనుకోవద్దు.

మా వీధిలో ప్రతి వారం ఎవరిదో ఒకరిది పుట్టినరోజు. సరిగ్గా రాత్రి పన్నెండుకు నడిరోడ్డు మీద కేకు, కోడిగుడ్లు, టపాసులు. తెల్లారి ఆ పెంకులు, నురగ కడిగేది మా పనిమనిషి. మా వారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆ రాత్రులు ఆయన నిద్రపోవాలి, నేనూ నిద్రపోవాలి. నీళ్ల సంగతి సరేసరి. నల్లా నీళ్లు నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితం. పక్కింట్లో మూడు అంతస్తుల్లో పద్నాలుగు మంది, వాళ్లకి అది ఏ మూలకి? ఏప్రిల్ వచ్చిందంటే పొద్దున అయిదింటికి ట్యాంకరు వచ్చి నిలబడుతుంది, బడి ఆటో రావడానికి దారుండదు.

వీటికంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. మా వరసలో ఉన్న పాత కుటుంబాలు చాలావరకు ఇళ్లు అద్దెకిచ్చి కొంపల్లి వైపో, పిల్లల దగ్గరికి అమెరికాకో వెళ్లిపోయాయి. అద్దె వసూలు చేసేది బ్రోకరు. అర్ధరాత్రి మా వారికి బీపీ పడిపోతే తలుపు కొట్టడానికి నాకు పేరు తెలిసిన మనిషి ఆ వరసలో లేడు. ఏడాదికోసారి మారిపోయేవాళ్లకు వీధి మీద మమకారం ఎందుకుంటుంది? మీకు మంచి పిల్లలు దొరికారు, సంతోషం. అందరికీ దొరకరు.

గ్రూప్స్ అభ్యర్థి, విద్యానగర్:

అమ్మా, నమస్తే. మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. మీరు రాసిన రాత్రి గోల నిజమే, దానికి సమర్థన లేదు. మా రూములో చదువుకునే మాకు కూడా అదే టెన్షన్.

కానీ ఈ వయసులో ఇంకా రూముల్లో ఎందుకున్నారని అడుగుతారు కాబట్టి చెప్తున్నా. పీజీ అయిపోగానే హాస్టల్ సీటు పోతుంది. 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశాను. పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయింది. మళ్లీ జూన్‌లో రాశాను, అదీ హైకోర్టు రద్దు చేసింది. 2024 జూన్‌లో మూడోసారి రాశాను. ఒకే పరీక్ష మూడుసార్లు. ఆ రోజులన్నీ అద్దె కట్టుకుంటూనే గడిచాయి. ఊరికెళ్తే చదువు సాగదు. ఇక్కడైతే లైబ్రరీ ఉంది, నోట్సు పంచుకునే సీనియర్లున్నారు, కర్రీ పాయింటులో ముప్పై రూపాయలకు పప్పు కట్టించుకుంటే పూట గడుస్తుంది.

ఇల్లు వెతుక్కునేటప్పుడు ఏం జరుగుతుందో కూడా రాయాలి. టు-లెట్ బోర్డు చూసి గేటు కొడతాం. ఏ ఊరు, ఏం చేస్తావు, ఎంతమంది, ఇక్కడిదాకా బాగానే ఉంటుంది. తర్వాత ఇంటిపేరు అడుగుతారు. అది చాలకపోతే సూటిగా “మీరేమిట్లు?” అని కులమే అడుగుతారు. నేను చెప్పాక, “ఇప్పుడే ఇంకొకరికి మాటిచ్చాం, అడ్వాన్సు కూడా తీసుకున్నాం” అన్నారు. వారం తర్వాత అటు వెళ్తే బోర్డు అక్కడే వేలాడుతోంది. ఒక్క ఇంట్లో కాదు, చాలా ఇళ్లలో. బ్యాచిలర్లకు ఇవ్వం అనే మాటను కాలనీ అంతా రూలు చేస్తే, దాని చాటున ఈ రెండో ప్రశ్న కూడా హాయిగా నడిచిపోతుంది. నాకు భయం అదే.

చివరింటి ఓనరు (అదే కాలనీ):

టీచరమ్మా, మీరు నాకు తెలుసు, నేనూ మీకు తెలుసు. మా ఆయన పోయాక నాకు పెన్షన్ లేదు, పై రెండు పోర్షన్ల అద్దే నా బతుకు. ఫ్యామిలీకి ఇస్తే 18,000 దాటి ఇవ్వరు. నలుగురు పిల్లలకు తలకి 6,000 చొప్పున ఇస్తే 24,000. ఆ తేడా నా మందుల ఖర్చు. సంఘం నాకు ఆ తేడా కట్టిస్తుందా?

నేను కింద పోర్షన్‌లోనే ఉంటాను. ఇల్లు ఇచ్చేముందు పిల్లల అమ్మానాన్నలతో ఫోన్లో మాట్లాడతాను. రెండు బండ్లకే చోటు, మూడోది ఉంటే ఇల్లు లేదని ముందే చెప్తాను. మోటరు నేనే వేస్తాను. మెట్ల కింద చెప్పులు కుప్పగా పడుంటే నేనే పైకి కేకేస్తాను, వచ్చి సర్దుకుంటారు. నా ఇంటిమీద ఇప్పటిదాకా ఫిర్యాదు రాలేదు. గోల ఎక్కడొస్తోందో చూడండి. ఓనరు లేని ఇళ్లలోనే.

పాత ఓయూ విద్యార్థి, లాంగ్ ఐలాండ్:

నేనుండేచోట దాదాపు ఇదే గొడవ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్టోనీ బ్రూక్ యూనివర్సిటీకి దగ్గర్లో బెల్ టెర్ అని చిన్న గ్రామం. అక్కడి రూలు ప్రకారం ఒక ఇంట్లో బంధువులు ఎంతమందైనా ఉండొచ్చు, బంధుత్వం లేనివాళ్లు ఇద్దరికి మించకూడదు. ఒక ఓనరు ఆరుగురు విద్యార్థులకు ఇల్లిచ్చాడు. 1974లో తీర్పు గ్రామానికే అనుకూలంగా వచ్చింది, ప్రశాంతమైన వీధి కోరుకునే హక్కు ఊరికి ఉందన్నారు. కాబట్టి టీచర్ గారి కోరిక అన్యాయమైనదని నేను అనలేను.

అయితే ఆ తీర్పుతో విభేదించిన జడ్జీల్లో థర్గుడ్ మార్షల్ ఒకరు. ఆయన వాదన నాకు ఇప్పటికీ సరైనదనిపిస్తుంది. జనం ఎక్కువైతే ఇంటికి ఇంతమందే అని పెట్టండి, బండ్లు ఎక్కువైతే బండ్లకు లెక్క పెట్టండి, గోలకు గోల రూలు పెట్టండి. అవన్నీ అందరికీ వర్తించాలి. ఒకరికొకరు బంధువులా కాదా అన్నది ఊరికి అనవసరం. పదిమంది బంధువులు అయిదు కార్లు పెట్టుకున్నా రోడ్డు మూసుకుపోతుంది కదా.

అడ్వకేట్, నల్లకుంట:

రెండు విషయాలు. బెల్ టెర్ రూలు ఎన్నికైన స్థానిక ప్రభుత్వం చేసింది. కాలనీ సంక్షేమ సంఘం మామూలు రిజిస్టర్డ్ సొసైటీ. ఓనరు తన ఇల్లు ఎవరికివ్వాలో శాసించే అధికారం, ఇచ్చినందుకు జరిమానా వసూలు చేసే అధికారం దానికి లేవు. ఎవరైనా కోర్టుకెళ్తే ఈ తీర్మానం నిలబడదు.

రెండోది, గోలకు చట్టం ఎప్పుడో ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. మీరు రాసుకునే పదకొండు నెలల అగ్రిమెంటులో ఎంతమంది, ఎన్ని బండ్లు, రాత్రి ఎన్నింటిదాకా అన్న షరతులు చేర్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అగ్రిమెంటు స్టేషనరీ షాపులో కొన్న ఫారమ్‌లో పేర్లు నింపి సంతకం పెట్టడంతో సరిపెట్టుకోకండి.

మాణికేశ్వరి నగర్ వాసి:

మా బస్తీకి క్యాంపస్ పక్కనే. 2009 చివర్లో తెలంగాణ ఉద్యమం రోజుల్లో బాష్పవాయువు మా ఇళ్లలోకి కమ్ముకొచ్చేది. పోలీసులు తరిమితే పిల్లలు మా గల్లీల్లోకి ఉరికేవాళ్లు. మా అమ్మ బకెట్లో నీళ్లు, తడి తువ్వాళ్లు గడప దగ్గర పెట్టేది. ఒక్క గది ఇల్లు, అందులోనే ఏడెనిమిది మంది తలదాచుకున్నారు. అంత చిన్న ఇళ్లలో చోటిచ్చారు. మూడంతస్తుల ఇళ్లవాళ్లు ఇలా తీర్మానాలు చేస్తుంటే మనసుకు కష్టంగా ఉంది.

రిటైర్డ్ టీచర్:

అన్నీ చదివాను. 2009ని దీంతో కలపకండి, అప్పుడు మేమూ అన్నం వండి పంపాం. కష్టకాలంలో ఆదుకోవడం వేరు, ఏడాది పొడుగునా నిద్ర లేకుండా బతకడం వేరు.

విద్యార్థి బాబు రాసింది చదివి చాలాసేపు ఊరుకున్నాను. కులం అడిగి ఇల్లు లేదనడం పాపం. ఆ పాపానికి నా ఓటు పనికొస్తుందంటే నేను ఒప్పుకోను.

కానీ అడ్వకేట్ గారూ, చట్టం ఉందన్నారు, నిజమే. రాత్రి 100కి ఫోన్ చేస్తే పెట్రోలింగ్ బండి వస్తుంది, అయిదు నిమిషాలు నిలబడుతుంది, వెళ్తుంది, మళ్లీ మొదలు. తెల్లారేసరికి ఫోన్ చేసింది ఎవరో వీధంతా తెలిసిపోతుంది. డెబ్బై ఏళ్ల వయసులో నేను డెసిబెల్స్ కొలుచుకుంటూ తిరగలేను. ఇల్లిచ్చినవాడు బాధ్యత తీసుకోవాలి. వాడు దొరకడు. నా ప్రశ్న అది ఒక్కటే.

హబ్సిగూడ నివాసి:

అమ్మా, మీ ప్రశ్న న్యాయమైనది. మీటింగులో ఆ తీర్మానం బదులు ఇంకోటి పెడతాను. అద్దెకిచ్చే ప్రతి ఓనరూ, ఫ్యామిలీకిచ్చినా పిల్లలకిచ్చినా సరే, సంఘం దగ్గర ఒక ఫోన్ నంబరు రాసివ్వాలి. ఓనరు దూరంగా ఉంటే, రాత్రి పిలిస్తే పావుగంటలో రాగలిగే మనిషి నంబరు. బ్రోకరు నంబరు చెల్లదు. గేటు లోపల ఎన్ని బండ్లకు చోటుంటే అన్నే బండ్లని, రాత్రి పది తర్వాత రోడ్డు మీద వేడుకలు వద్దని ప్రతి అగ్రిమెంటులో రాసుకోవాలని కోరదాం. ఇవి పిల్లలకే కాదు, మనింటి పెళ్లి డీజేకీ వర్తిస్తాయి. హాస్టళ్లుగా మార్చిన ఇళ్ల సంగతి వేరు, అవి వ్యాపారాలు. వాటికి లైసెన్సు ఉందా, మంటలొస్తే బయటపడే దారి ఉందా అని మున్సిపాలిటీనే అడుగుదాం. సంఘం కమిటీలో అద్దెకుండేవాళ్లకు రెండు చోట్లు ఇవ్వాలి, అందులో ఒకటి విద్యార్థికి. మీరన్న పేరు తెలిసిన మనిషి అక్కడినుంచే మొదలవ్వాలి.

రిటైర్డ్ టీచర్:

నంబరు ఇవ్వని ఓనరును ఏం చేస్తారో కూడా రాయండి. అది రాస్తే మీ తీర్మానానికి చెయ్యెత్తుతాను. రాయకపోతే పాతదానికే.

చివరింటి ఓనరు:

మన వీధిలో ఓనరు లేని ఇళ్లు ఏవో నాకు తెలుసు, ఆ ఓనర్లలో ముగ్గురి నంబర్లు నా దగ్గరే ఉన్నాయి. మీటింగు లోపల వాళ్లకు నేను ఫోన్ చేస్తాను. నాలుగో ఇంటి ఓనరు నంబరు మీ దగ్గరుంటే పంపండి టీచరమ్మా.