లిస్ట్ టేబుల్స్ టూల్‌కి డిస్క్రిప్షన్ ఎలా రాయాలి? ఖాళీ లిస్ట్ చూసి ఏఐ ఏజెంట్ డేటాబేసే ఖాళీ అనుకుంటోంది

ఓరుగల్లు_డెవ్:
అందరికీ నమస్తే. మా టీమ్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద చిన్న ఎంసీపీ సర్వర్ (ఏఐ ఏజెంట్‌కి టూల్స్ అందించే ప్రోగ్రామ్) ఒకటి నడుస్తోంది, అందులో లిస్ట్ టేబుల్స్ అని ఒక టూల్, స్కీమా (డేటాబేస్ లోపల టేబుల్స్ ఉండే ఫోల్డర్ లాంటిది) పేరు ఇస్తే అందులోని టేబుల్స్ పేర్లు ఇస్తుంది, ఏదీ మార్చదు. డిస్క్రిప్షన్ ఒకటే లైను, "డేటాబేస్‌లోని టేబుల్స్ చూపిస్తుంది" అని. స్కీమా ఇవ్వకపోతే పబ్లిక్ అనే స్కీమా అనుకుంటుంది, కానీ మా టేబుల్సన్నీ సేల్స్ స్కీమాలో ఉన్నాయి, దాంతో ఖాళీ లిస్ట్ వస్తుంది, ఏజెంటేమో వెంటనే "టేబుల్స్ ఏమీ లేవు, క్రియేట్ చెయ్యమంటారా" అని అడుగుతోంది. ఇంకోటి, రీడ్ ఓన్లీ అని డిస్క్రిప్షన్‌లో రాస్తే చాలా, లేక రీడ్‌ఓన్లీహింట్ (టూల్ ఏదీ మార్చదని ఏజెంట్‌ని నడిపే క్లయింట్ యాప్‌కి చెప్పే గుర్తు) కూడా పెట్టాలా? చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

కోనసీమ_కోడర్:
బ్రో, మోడల్‌కి మీ కోడ్ కనపడదు కదా, దానికి తెలిసేది టూల్ పేరు, ఆ డిస్క్రిప్షను, ఇన్‌పుట్ స్కీమా (టూల్‌కి ఏమేం ఇవ్వాలో చెప్పేది), అంతే. అందుకే టూల్ ఏం చూపిస్తుందో ఒక లైన్లో చెప్పేసి, ఏం చూపించదో మాత్రం వివరంగా రాయండి.

మీది ఇన్ఫర్మేషన్ స్కీమా (డేటాబేస్‌లో ఏమేం ఉన్నాయో చెప్పే సిస్టమ్ వ్యూలు) నుంచి తెస్తుంటే, కనెక్ట్ అయిన రోల్‌కి (డేటాబేస్ యూజర్‌కి) ఏదో ఒక హక్కు ఉన్న టేబుల్సే వస్తాయి, మిగతావి ఉన్నా రావు. మెటీరియలైజ్డ్ వ్యూలు (క్వెరీ ఫలితాన్ని దాచి ఉంచే వ్యూలు) అందులో అసలే ఉండవు. పార్టిషన్లు (పెద్ద టేబుల్‌ని విడగొట్టిన ముక్కలు) ఇంకో తలనొప్పి, ఆర్డర్స్ టేబుల్‌ని నెలకొకటి చొప్పున 3 ఏళ్ళకి పార్టిషన్ చేశారనుకోండి, అసలు టేబుల్‌తో కలిపి 37 పేర్లు వస్తాయి, అన్నిటికీ బేస్ టేబుల్ అనే రాసుంటుంది, ఏజెంట్ వాటిల్లో ఒక నెలది పట్టుకుని ఏడాది మొత్తం సేల్స్ ఇదే అని చెప్పేస్తుంది. పీజీ క్లాస్ అనే సిస్టమ్ టేబుల్‌లో రెల్ఇజ్‌పార్టిషన్ కాలమ్ చూసి వాటిని తీసేయండి, తీసేసినట్టు డిస్క్రిప్షన్‌లో రాయండి.

నేనైతే ఇలా రాస్తా, మీరు ఇంగ్లీషులో పెట్టుకోండి: "ఒక స్కీమాలో ఈ కనెక్షన్‌కి ఏదో ఒక హక్కు ఉన్న టేబుల్స్, వ్యూల పేర్లు ఇస్తుంది. స్కీమా తప్పనిసరి, తెలియకపోతే ముందు లిస్ట్ స్కీమాస్ పిలవాలి. కాలమ్స్ ఇవ్వదు, వాటికి డిస్క్రైబ్ టేబుల్ వాడాలి. పార్టిషన్లు, మెటీరియలైజ్డ్ వ్యూలు రావు. ఖాళీ లిస్ట్ వస్తే ఆ స్కీమాలో ఈ కనెక్షన్‌కి కనిపించేవి లేవని మాత్రమే అర్థం, డేటాబేస్ ఖాళీ అని కాదు." ఆ చివరి లైన్ ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. డిఫాల్ట్ పబ్లిక్ కూడా పీకేయండి, తప్పు స్కీమా ఇస్తే ఖాళీ లిస్ట్ బదులు "ఆ స్కీమా లేదు, ఉన్నవి ఇవీ" అని ఎర్రర్ పంపండి, ఏజెంట్ దానంతటదే సర్దుకుంటుంది.

సిక్కోలు_టు_డాలస్:
హింట్ సంగతి నేను చెప్తా. రీడ్‌ఓన్లీహింట్ పెట్టండి, ఎందుకంటే పెట్టకపోతే డిఫాల్ట్ ఫాల్స్, డిస్ట్రక్టివ్‌హింట్ (డేటా చెరిపేయొచ్చు అనే గుర్తు) డిఫాల్టేమో ట్రూ, అంటే మీ అమాయకపు టూల్‌ని కూడా క్లయింట్ డేంజర్ కింద లెక్కేసి ప్రతిసారీ పర్మిషన్ అడగొచ్చు. కానీ అది మాట వరకే అండి, ఆపేది కాదు. నమ్మకమైన సర్వర్ అయితే తప్ప ఆ హింట్లని నమ్మొద్దని ఎంసీపీ స్పెక్‌లోనే (అధికారిక నియమాల్లోనే) ఉంది. నిజంగా ఆపాల్సింది డేటాబేస్ రోల్: కనెక్ట్, ఆ స్కీమా మీద యూసేజ్, టేబుల్స్ మీద సెలెక్ట్, అంతకుమించి ఏమీ ఇవ్వొద్దు. డిఫాల్ట్ ట్రాన్సాక్షన్ రీడ్ ఓన్లీ అనే సెట్టింగ్ ఆన్ చేశాం కదా అని ధీమాగా ఉండొద్దు, సెషన్‌లో ఒక్క సెట్ కమాండ్‌తో అది ఆఫ్ అవుతుంది. పక్కన క్వెరీ నడిపే టూల్ కూడా ఉంటే ఇంకా జాగ్రత్త, రీడ్ ఓన్లీ ట్రాన్సాక్షన్‌లో పెట్టినా ఒకే స్ట్రింగ్‌లో ముందు కమిట్, సెమీకోలన్ కొట్టి వెనక డ్రాప్ పంపితే, రోల్‌కి హక్కు ఉందంటే టేబుల్ పోయినట్టే.

బెజవాడ_డీబీఏ:
రో కౌంట్ కూడా ఇస్తున్నారా? పీజీ క్లాస్‌లోని రెల్‌టపుల్స్ కాలమ్ నుంచి అయితే అది అంచనా అని రాయాలి, లేకపోతే ఏజెంట్ దాన్నే రిపోర్ట్‌లో పెట్టేస్తుంది. పోస్ట్‌గ్రెస్ 14వ వెర్షన్ నుంచి వాక్యూమ్, ఎనలైజ్ ఎప్పుడూ జరగని టేబుల్‌కి -1 వస్తుంది, దానర్థం కూడా చెప్పండి.

ఓరుగల్లు_డెవ్:
థాంక్స్ అన్నా అందరికీ. స్కీమా తప్పనిసరి చేసి ఆ ఖాళీ లిస్ట్ లైన్ పెట్టా, ఇప్పుడు ముందు స్కీమాలు అడిగి సేల్స్‌లోకి వెళ్తోంది. రోల్ మార్చమని డీబీఏకి చెప్పా. మైఎస్‌క్యూఎల్ సర్వర్‌కి కూడా ఇదే డిస్క్రిప్షన్ కాపీ చెయ్యొచ్చా?

బెజవాడ_డీబీఏ:
వద్దు. అక్కడ స్కీమా అన్నా డేటాబేస్ అన్నా ఒకటే, మెటీరియలైజ్డ్ వ్యూలు లేవు, పార్టిషన్లు విడి టేబుల్స్‌గా రావు, ఆ లైన్లు ఉంటే ఏజెంట్ లేనివాటిని వెతుక్కుంటుంది. ఇన్నోడీబీలో (మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ స్టోరేజ్ ఇంజిన్) టేబుల్ రోస్ అనే రో కౌంట్ కూడా అంచనానే, ఆ ఒక్కటి ఉంచండి, ఖాళీ లిస్ట్ లైన్ ఎలాగూ ఉండాలి.