కొడగు బురద రేసు: పోయినేడు మధ్యలో ఆపేశారు, ఈసారి చివరి గీత దాటాలంటే ఏం చెయ్యాలి?

పెన్నగట్టు_సైకిల్ (నెల్లూరు)

అన్నలకి అక్కలకి నమస్తే. మేం నలుగురం పోయినేడు జూలై ఆఖర్లో కర్ణాటక కొడగులో, మడికేరి అవతల కాఫీ తోటల్లో పెట్టిన రెండు రోజుల మౌంటెన్ బైక్ రేసుకి పోయినాం, అమెచ్యూర్ కేటగిరీ. శనివారం టైమ్ ట్రయల్ (ఒక్కొక్కర్నే వదిలి టైం చూస్తారు), చిన్నది, బానే అయిపోయింది. ఆదివారం పది కిలోమీటర్ల లూపు మూడుసార్లు తిరగాల. ఆ రాత్రంతా వాన ఆగలా. పైగా మాకంటే ముందు ఎలీట్ వాళ్ళు (పెద్ద రేసర్లు), వాళ్ళ తర్వాత జూనియర్లు తిరిగేశారు కదా, మేం దిగేసరికి అది దారి మాదిరి లేదు, నాట్లకి దమ్ము చేసిన మడి మాదిరి ఉండింది.

రెండో లూపు ఎక్కుడులో ఎర్రమట్టి, కాఫీ ఆకులు, సన్న పుల్లలు అన్నీ కలిసి వెనక చక్రానికీ ఫ్రేముకీ మధ్య ఇటుక మాదిరి బిగుసుకుపోయినాయి. చక్రం తిరగట్లా, నేను ముందు చిన్న పళ్ళచక్రం, వెనక పెద్దది వేసి లేచి నిలబడి తొక్కినా, ఠప్ మని శబ్దం వచ్చింది, దిగి చూస్తే వెనక గేర్లు మార్చే డీరైలర్ పోయి చువ్వల్లో ఇరుక్కోనుంది, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ విరిగిపోయింది. అక్కడ్నించి నాలుగు కిలోమీటర్లు సైకిల్ భుజాన వేసుకోని నడిచినా. రెండో లూపుకి ఇచ్చిన గడువు (కటాఫ్) దాటి 8 నిమిషాలు లేటు అయిందని మూడో లూపుకి వదల్లేదు. వాళ్ళ తప్పేం లేదు, రూలు రూలే. కానీ ఆ అడ్డం కట్టిన తాడు దగ్గర, అవతల మూడో లూపు వాళ్ళు ఒకరొకరూ పోతుంటే చూస్తా నిలబడింది ఇప్పటికీ మర్చిపోలేకుండా ఉన్నా.

ఈసారి కూడా పోతావుండాం, ఇంకా నాలుగు నెలలు టైం ఉంది. నాది హార్డ్‌టెయిల్ (వెనక షాకులు లేనిది), 27.5 అంగుళాల చక్రాలు, ముందు మూడు వెనక ఎనిమిది గేర్లు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, 2.35 అంగుళాల టైర్లు, లోపల ట్యూబులే. టైర్లు మార్చాలా, ట్యూబ్‌లెస్ చేయించాలా? ఇంకోటి, మనకి వాన అంటే అక్టోబరు నవంబరే, జూన్ జూలైలో నెల్లూర్లో బురద యాడ దొరుకుద్ది, ప్రాక్టీస్ ఎట్టా? బురదలో తొక్కినోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి, దయచేసి.

రేగడి_రైడర్ (ఒంగోలు)

తమ్ముడూ, నువ్వు రాసింది చదివి నాకు నా మొదటి రేసు గుర్తొచ్చింది. నేను పుట్టి పెరిగింది నల్లరేగడిలో, వానాకాలం చేలోకి పోయి చెప్పులు చేతిలో పట్టుకోని రావడం మాకు మామూలు, కాబట్టి బురద గురించి నాకు తెలిసింది చెప్తా, కొంచెం పొడుగ్గా ఉంటది.

ముందుగా హ్యాంగర్ సంగతి. అది విరిగిందని బాధపడొద్దు, అది విరగడానికే పెట్టింది. మెత్తటి అల్యూమినియం ముక్క, అది పోకపోతే ఫ్రేమే చీలిపోయేది. కానీ ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం, బోల్టు బెజ్జాల దూరం కూడా తేడా ఉంటది, అందుకని విరిగిన ముక్కని షాపుకి పట్టుకెళ్ళి పక్కపక్కన పెట్టి చూసి రెండు కొనుక్కో, ఒకటి సీటు కింద సంచిలో ఎప్పుడూ ఉండాలి. నాకు ఒకసారి షాపాయన ఇదే సరిపోద్ది అని వేరేది ఇచ్చాడు, నేనూ చూసుకోకుండా సంచిలో వేసుకున్నా, కొండ మీద కవరు చింపి చూస్తే బెజ్జమే కలవలా.

రెండోది, హ్యాంగర్ లేకపోయినా నువ్వు మోసుకురావాల్సిన పని లేదు. చైన్ కట్టర్, ఒక క్విక్ లింకు (చైను రెండు కొసలు కలిపేది) ఉంటే చాలు. విరిగిన డీరైలర్ విప్పి జేబులో వేసుకో, చైన్ని ముందు మధ్య పళ్ళచక్రం మీదా, వెనక దానికి ఎదురుగా తిన్నగా వచ్చే పళ్ళచక్రం మీదా వేసి, లాగి పట్టుకోని ఎక్కువైన లింకులు కోసేసి లింకు కలిపేయ్. ఒకే గేరు సైకిల్ అయిపోద్ది. నీది హార్డ్‌టెయిల్ కాబట్టి చైను వదులు కాదు. ఎక్కుళ్ళు నడవాలి, మిగతాదంతా తొక్కొచ్చు. ఇంట్లో రెండుసార్లు చేసి చూసుకుంటే పది నిమిషాల పని. ఆ నాలుగు కిలోమీటర్లలో సగం తొక్కినా నీకు ఆ 8 నిమిషాలు దొరికేవి తమ్ముడూ.

అసలు సంగతి ఇప్పుడు. నువ్వు చక్రం తిరగట్లేదని తెలిసి కూడా బలంగా తొక్కావు చూడు, తప్పు జరిగింది అక్కడే. బురదలో బలం పెట్టి లాభం లేదు. మట్టి పట్టిన తర్వాత దిగడం కాదు, పట్టకముందే దిగాలి. ముందు పోయేవాళ్ళ చక్రాలు నిదానిస్తున్నాయా, మట్టి మెరుపు పోయి మందంగా ముద్దలా కనపడతా ఉందా, అక్కడే దిగి సైకిల్ ఎత్తి భుజాన వేసుకోని పక్కన గడ్డి మీద పరిగెత్తాలి. అప్పుడు సైకిలు పధ్నాలుగు కేజీలే. మట్టి పట్టాక మోస్తే అది చాలా బరువు, చక్రమూ తిరగదు, దొర్లించుకుంటా పోవడానికీ లేదు. నీళ్ళు నీళ్ళుగా ఉండే బురద భయం లేదు, అది కారిపోద్ది, దాంట్లో తొక్కుకుంటూ పోవచ్చు. వాన ఆగి ఒక గంట ఎండ తగిలిన మట్టే ప్రాణం తీస్తది.

మా తాత దున్నేటప్పుడు సాలు చివర్లో ఆగి ముల్లుగర్ర కొసతో కర్రుకి పట్టిన మట్టి గీకేవాడు, ప్రతి సాలుకీ. నేను అదే పని చేస్తా. వెదురు బద్ద ఒకటి జానెడు పొడుగు, కొస చదునుగా చెక్కి ఫ్రేముకి రబ్బరు బ్యాండుతో కట్టుకుంటా, ప్రతి ఎక్కుడు పైకి రాగానే ముందు ఫోర్కు కింద, వెనక చక్రం దగ్గర, డీరైలర్ చిన్న చక్రాల దగ్గర గీకేస్తా, ఇరవై సెకన్లు. వేలితో మాత్రం గీకొద్దు, చైను దగ్గర అసలు వద్దు.

ఇంకా, మూడు పళ్ళచక్రాల బండిలో బురదప్పుడు ముందు చిన్నది వాడొద్దు. మట్టి పట్టిన చైను కింద వదలకుండా పళ్ళకి అతుక్కోని పైకి పోయి ఫ్రేములో ఇరుక్కుంటది. మధ్యదాంట్లోనే ఉండి, వెనక మార్చుకో.

పలక_బలపం (మార్కాపురం)

పైన అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. టైర్ల గురించి నేను చెప్తా. 2.35 నీ ఫ్రేముకి లావు, ఫ్రేముకీ టైరుకీ మధ్య సందు లేకే మట్టి బిగుసుకుంది. బురదకి సన్నంగా ఉండి, బటన్లు (టైరు మీది బుడిపెలు) పొడుగ్గా, దూరం దూరంగా ఉండే టైరు కావాలి. ట్రాక్టరుకి దమ్ములో కేజ్ వీల్స్ ఎందుకు వేస్తారు, బురదలో పట్టు దొరకాలని, మట్టి సందుల్లోంచి రాలిపోవాలని కదా, ఇదీ అంతే. బటన్లు దగ్గర దగ్గరగా ఉంటే సందులు నిండిపోయి టైరు నున్నగా అయిపోద్ది, ఇంక జారుడే.

డబ్బులు తక్కువైతే ముందుది వదిలేసి వెనకది ఒక్కటి మార్చు అని చాలామంది చెప్తారు, నేను ఒప్పుకోను. వెనక చక్రం జారితే సైకిల్ తోక ఊపుద్ది, నువ్వు సర్దుకుంటావు. ముందు చక్రం జారితే నేల మీదే. ఒక్కటే కొనగలిగితే ముందుకి మంచి టైరు 2.1 లేక 2.25 వెయ్యి, వెనక్కి సన్నదైతే చాలు, పాతదైనా పర్లేదు.

గాలి: ట్యూబులు ఉంచుకుంటే 28, 30 పీఎస్ఐ కంటే తగ్గించొద్దు, తగ్గిస్తే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. ట్యూబ్‌లెస్ అయితే నీ బరువుని బట్టి 20 నుంచి 25 దాకా దిగొచ్చు, పట్టు బాగా దొరుకుద్ది. నా మాట అడిగితే ట్యూబ్‌లెస్‌కి పెట్టే డబ్బుల్లో ముందు బ్రేక్ ప్యాడ్లు కొను. రెసిన్ ప్యాడ్లు (మెత్తటి రకం) తడి ఇసకలో ఒక్క రోజులో ఇనుము కనపడేదాకా అరిగిపోతాయి, నేను కళ్ళారా చూశా, పొద్దున కొత్తవి వేసుకున్న కుర్రాడు మధ్యాహ్నం దిగుడులో రెండు కాళ్ళూ నేలకి ఆనించి దిగాడు. మెటల్ సింటర్డ్ ప్యాడ్లు (లోహపు పొడితో చేసిన గట్టి రకం) వెయ్యి, కొంచెం కీచుమంటాయి గానీ నిలబడతాయి. ముందుగా ఒక రోజు రోడ్డు మీద ఇరవై ముప్పై సార్లు నిదానంగా బ్రేకు కొట్టి అలవాటు చెయ్యి, రేసు రోజు కొత్తవి వెయ్యొద్దు. నీ డిస్కులు రెసిన్‌కి మాత్రమే అని రాసి ఉంటే మాత్రం మెటల్ వెయ్యకు, డిస్కు అరిగిపోద్ది, అప్పుడు రెసినే ఒక జత స్పేర్ పెట్టుకో.

కండలేరు_కట్ట (రాపూరు)

బురద దొరకదని ఎవరన్నారు అబ్బయ్యా. ఎడగారు పంట నాట్లు ఏప్రిల్, మే నెలల్లోనే కదా, సోమశిల డ్యామ్ నీళ్ళు వదిలిన ఊర్లలో ట్రాక్టర్లు మళ్ళలోంచి డొంకల్లోకి ఎక్కి దిగతా ఉంటాయి, ఆ డొంకలు చూడు ఎట్టా ఉంటాయో, కొడగు దాని ముందు పనికిరాదు. మళ్ళలోకి, గట్ల మీదకి మాత్రం పోవద్దు, గట్టు తెగితే రైతు నష్టపోతాడు. డొంకలోనే, అదీ సాయంత్రం ట్రాక్టర్లు ఆగినాక, ఎవురి పొలం దారో వాళ్ళని ఒక మాట అడిగి తొక్కు. మేం ఆరుగురం పోయిన వేసవిలో అట్టా చేసినాం, ఆ రైతే మోటారు నీళ్ళతో సైకిళ్ళు కడగనిచ్చాడు.

అక్కడ నేర్చుకోవాల్సింది స్పీడు కాదు. దిగడం, ఎత్తడం, పరిగెత్తడం, మళ్ళీ ఎక్కడం. ఎడం పక్క దిగి కుడి చేత్తో కింది పైపు పట్టుకోని లేపి, పై పైపు భుజం మీద పెట్టి, చెయ్యి ఆ కింది పైపు కిందుగా పోనిచ్చి హ్యాండిల్ పట్టుకుంటే ఊగదు. నీకు భుజం ఒరుసుకుపోయి ఉంటుంది, పాత ట్యూబు ముక్క రెండు మడతలు పెట్టి పై పైపుకి చుట్టుకో.

ఎక్కుడుకి రాపూరు చిట్వేలి ఘాట్ ఉంది, ఆ దారి చాలు నీకు. పొద్దున ఐదున్నరకి మొదలుపెడితే ఎండ ముదరకముందే రెండుసార్లు ఎక్కి దిగొచ్చు. అడవి దారుల్లోకి మాత్రం పర్మిషన్ లేకుండా దిగొద్దు, తారు రోడ్డు మీదే ఉండు. ఉదయగిరి వైపు ఉండేవాళ్ళకి సీతారామపురం ఘాట్ దగ్గర.

వేర్ల గురించి ఎవురూ చెప్పలా. కాఫీ తోటల్లో చెట్ల వేర్లు దారికి అడ్డంగా ఉంటాయి, తడిసినయ్యంటే సబ్బు రాసినట్టే. వాటిని ఏటవాలుగా దాటొద్దు, తిన్నగా దాటు, వేరు మీద ఉన్నప్పుడు బ్రేకు ముట్టుకోవద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. ముందే నిదానించుకోని, దాటేటప్పుడు వదిలెయ్యి.

మందుల_అక్క (కందుకూరు)

నేను రేసులు చెయ్యను, మా ఆయన చేస్తాడు, నేను కూడా పోయి ఫినిష్ దగ్గర నిలబడతా. మెడికల్ షాపు మాది, అందుకని ఒక రెండు మాటలు.

బాటిల్ మూతి మీద ఎగిరిన బురదని అట్టానే నోట్లో పెట్టుకోని తాగేస్తారు మీరంతా. ఆ బురదలో పశువుల పేడ, ఎలుకల మూత్రం అన్నీ ఉంటాయి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు గాయాల్లోంచో నోట్లోంచో పోతే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తది. మూత మీద ఇంకో మూత ఉండే బాటిల్ కొనండి, లేకపోతే వీపున వేసుకునే నీళ్ళ సంచి. గీసుకుపోయిన చోటల్లా రేసు అవ్వగానే సబ్బుతో కడగండి, ఫొటోలు తర్వాత దిగొచ్చు. తర్వాత వారం రెండు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళు ఎర్రబడటం ఉంటే డాక్టరుకి బురదలో తొక్కినానని తప్పకుండా చెప్పాలి, చెప్పకపోతే ఆయనకి తెలియదు.

జలగలు పడితే పీకొద్దు, గోరుతో చర్మం దగ్గరగా పక్కకి తోస్తే వదిలేస్తది. కాటన్ బనియన్లు వద్దు, తడిస్తే ఆరవు, ఆ కొండ గాలికి వణుకు పుడుతుంది. నెల్లూరు ఎండకి అలవాటు పడిన ఒళ్ళు కదా, ఫినిష్ దగ్గర పొడి బట్టలు, తువ్వాలు ఎవరిచేతన్నా పట్టించండి.

పెన్నగట్టు_సైకిల్ (నెల్లూరు)

అందరికీ చేతులెత్తి దండం. నాలుగుసార్లు చదివినా. హ్యాంగర్లు రెండు తెచ్చినా, బెజ్జాలు కలిపి చూసే తెచ్చినా. చైన్ కోసి ఒకే గేరు చెయ్యడం నిన్న మిద్దె మీద చేసి చూసినా, మొదటిసారి ముప్పావుగంట పట్టింది, లింకు తిరగేసి పెట్టినా. రెండోసారి పధ్నాలుగు నిమిషాలు. ఇంకా తగ్గించాల. రాపూరు అన్నా, ఈ నెలాఖరు ఆదివారం నలుగురం వస్తాం, డొంక చూపించండి.

పెన్నగట్టు_సైకిల్ (నెల్లూరు), నాలుగు నెలల తర్వాత

నిన్న రాత్రి ఇంటికి వచ్చినాం. పూర్తి చేసినా.

ఆదివారం పోయినేడు కంటే జాస్తి వాన. మొదటి లూపులోనే తొమ్మిదిసార్లు దిగినా, లెక్కపెట్టుకున్నా, మట్టి పట్టకముందే. నన్ను దాటుకోని తొక్కుకుంటా పోయినోళ్ళలో కొంతమంది మలుపు తిరగ్గానే చక్రం ఆగిపోయి పుల్లల కోసం వెతుకుతా ఉన్నారు. ఒంగోలు అన్న చెప్పిన వెదురు బద్ద నాది, ఒక బెంగళూరు కుర్రాడికి ఇచ్చి మళ్ళీ తీసుకున్నా. పోయినేడు హ్యాంగర్ విరిగిన ఎక్కుడు దగ్గరికొచ్చేసరికి గుండె దడదడలాడింది, కాళ్ళు తొక్కుదాం అన్నాయి, నేను దిగినా. సిల్వర్ ఓక్ చెట్ల పక్కన గడ్డి మీద సైకిల్ ఎత్తుకోని పైదాకా నడిచి, ఆడ నిలబడి గీకినా, మట్టి పెద్ద పెచ్చులుగా రాలింది, మధ్యలో కాఫీ ఆకు అచ్చు పడినట్టు ఉండింది ఒక పెచ్చులో. మళ్ళీ ఎక్కితే చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. ఆ చప్పుడు లేకపోవడం ఎంత బాగుండిందో చెప్పలేను.

రెండో లూపు కటాఫ్‌కి 11 నిమిషాలు ముందొచ్చినా. మూడో లూపు చివర్లో మిగిలింది మేం నలుగురైదుగురమే, చీకటి పడతా ఉంది మబ్బుకి, ముందు ప్యాడ్లు అరిగి బ్రేకు లివరు గ్రిప్పు దాకా వస్తా ఉంది, అయినా తొక్కుకుంటానే కిందికి దిగొచ్చినా. మాలో ఒకడికి మోకాలు తిరిగి రెండో లూపులో ఆగిపోయాడు, వాడికి తాడు దగ్గర ఎట్టుంటదో నాకు తెలుసు కాబట్టి ముందు వాడి దగ్గరికే పోయినా.

కందుకూరు అక్కా, సబ్బుతో కడిగినాం, ఫొటోలు తర్వాతే దిగినాం.

ఒకటి అడగాల. నీళ్ళు కొట్టి కడిగినాక పెడల్స్ మధ్య ఇరుసు దగ్గర గరగర శబ్దం వస్తా ఉంది. బేరింగులోకి నీళ్ళు పోయినట్టేనా, విప్పించాలా?

రేగడి_రైడర్ (ఒంగోలు)

చాలా చాలా సంతోషం తమ్ముడూ, మా ఇంట్లో కూడా చదివి వినిపించా. సర్వీస్ స్టేషన్ ప్రెజర్ గన్‌తో కడిగించావు కదా? అది ఇరుసుల మీద తిన్నగా కొట్టకూడదు, గ్రీజు బయటికి పోయి నీళ్ళు లోపలికి పోతాయి. తొక్కకుండా రేపే విప్పించు. సీల్డ్ బేరింగు అయితే మార్చెయ్యమను, గుండ్లవి అయితే కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టి కొత్త గ్రీజు పెట్టిస్తే సరిపోద్ది. ఆ మోకాలు తిరిగిన అబ్బాయిది ఏ సైజు ఫ్రేము? వచ్చే ఏడాదికి వాడికి నా పాత ముందు టైరు పంపిస్తా, బటన్లు ఇంకా బాగున్నాయి.