పేర్లు చెక్ చేసే టూల్ రన్ చేయకుండా పైన్ స్క్రిప్ట్ కోడ్ పెట్టొద్దా? మీరేమంటారు?

సాయంత్రం_కోడర్:
ఈమధ్య ఇక్కడికొస్తున్న పైన్ స్క్రిప్ట్ (ట్రేడింగ్‌వ్యూ చార్ట్ సైట్‌లో వాడే ప్రోగ్రామింగ్ భాష) కోడ్‌లో చాలావరకు చాట్‌బాట్ రాసిచ్చిందే. అందులో అసలు ఉనికే లేని ఫంక్షన్లు బోలెడు. తరచుగా తగిలేది టీఏ.ఏడీఎక్స్ (ఏడీఎక్స్ అంటే ట్రెండ్ ఎంత బలంగా ఉందో చూపే కొలత). ట్రేడింగ్‌వ్యూలో అలాంటి ఫంక్షనే లేదు. ఏడీఎక్స్ కావాలంటే టీఏ.డీఎమ్ఐని పిలవాలి, అదిచ్చే మూడు విలువల్లో చివరిది తీసుకోవాలి. అందుకే పైథాన్‌లో చిన్న టూల్ రాశాను. కోడ్‌లో బ్రాకెట్ ముందున్న ప్రతి పేరునీ రిఫరెన్స్ మాన్యువల్‌లోని పేర్లతో పోలుస్తుంది. దొరక్కపోతే దగ్గరి పేరు పెట్టి సరిచేస్తుంది కూడా. ఇకమీదట అది రన్ చేశాకే కోడ్ పెట్టాలని రూల్ పెట్టుకుందామా?

ఎర్ర_క్యాండిల్:
ఎందుకండీ? పైన్ ఎడిటర్‌లో పేస్ట్ చేస్తే ఆ పేరు దొరకలేదని అదే చెబుతుంది కదా. ఎడిటర్‌లో పెట్టి చూసే ఓపిక లేనివాడు మీ టూల్ రన్ చేస్తాడా?

సాయంత్రం_కోడర్:
ఎడిటర్ చెప్పేది కోడ్ మన చేతికొచ్చాక. టూల్‌ని చాట్‌బాట్‌కే తగిలిస్తే మనదాకా రాకముందే అది తన తప్పు చూసుకుని మళ్లీ రాస్తుంది. పాత స్క్రిప్టులు ఫోల్డర్ నిండా ఉన్నవాళ్లకీ పనికొస్తుంది, ఒక్కోటీ తెరిచి చూడక్కర్లేదు.

స్టాప్‌లాస్_తమ్ముడు:
నా ఓటు టూల్‌కే అన్నా. నేను యూట్యూబ్ చూసి నేర్చుకుంటున్నా. పాత వీడియోల్లో స్టడీ, ఎస్ఎమ్ఏ, సెక్యూరిటీ అని రాస్తారు. 2021లో ఐదో వెర్షన్ వచ్చాక అవి ఇండికేటర్, టీఏ.ఎస్ఎమ్ఏ, రిక్వెస్ట్.సెక్యూరిటీ అయ్యాయని నాకెవరు చెప్పారు? ఎడిటర్ దొరకలేదని ఊరుకుంటుంది. ఏం రాయాలో చెప్పేవాడు కావాలి మాలాంటోళ్లకి.

పాత_ఏఎఫ్ఎల్:
పేరు కరెక్టయితే కోడ్ కరెక్టనుకునే జబ్బు దీంతో ఇంకా ముదురుతుంది. మొన్న ఒకరి ఆర్ఎస్ఐ (ధర ఊపు కొలిచే ఇండికేటర్) కోడ్ చూశాను, చాట్‌బాట్ చేత్తో లెక్క కట్టి ఇచ్చింది. వాడింది టీఏ.ఈఎమ్ఏ (కొత్త ధరలకి ఎక్కువ బరువిచ్చే సగటు), లెంగ్త్ 14. పేరు నిక్షేపంలా ఉంది, మీ టూల్ పచ్చజెండా ఊపుతుంది. కానీ ఆర్ఎస్ఐలో ఉండాల్సింది వైల్డర్ స్మూతింగ్ (ఇంకా నెమ్మదిగా కదిలే సగటు), అంటే టీఏ.ఆర్ఎమ్ఏ. 14 ఆర్ఎమ్ఏకి సరిపోయే ఈఎమ్ఏ లెంగ్త్ 27. అందుకే ఆయన గీత చార్టులోని ఆర్ఎస్ఐ కంటే ఎక్కువ ఎగిరెగిరి పడుతోంది. ఆయనేమో చార్టే తప్పని వాదన.

లుక్అహెడ్ (పెద్ద టైమ్‌ఫ్రేమ్ విలువని ముందే చూపించే సెట్టింగ్) సంగతి ఇంకా ఘోరం. 15 నిమిషాల చార్టులో రిక్వెస్ట్.సెక్యూరిటీతో డైలీ క్లోజ్ తెచ్చి, లుక్అహెడ్ ఆన్ చేసి, ఒక బార్ వెనక్కి జరపడం మరిచిపోతే పాత డేటాలో పొద్దున 9:15 క్యాండిల్‌కే సాయంత్రం 3:30 క్లోజ్ తెలిసిపోతుంది. బ్యాక్‌టెస్ట్ (పాత డేటా మీద చేసే పరీక్ష) బంగారంలా కనబడుతుంది, లైవ్‌లో పెడితే జేబు ఖాళీ. అందులో ఒక్క పేరు కూడా తప్పు కాదు. అమీబ్రోకర్ అనే ఇంకో చార్ట్ సాఫ్ట్‌వేర్‌లో కోడ్ చెక్ నొక్కితే ఫార్ములా రాబోయే ధరల్ని వాడుతోందా లేదా చెబుతుంది. చెక్ అంటే అదీ.

సాయంత్రం_కోడర్:
మాస్టారూ, నా టూల్ అవన్నీ పడుతుందని నేనెప్పుడన్నాను? ఆర్ఎస్ఐ లెక్క మీరు చూడండి, పేర్లు అది చూస్తుంది. లేని ఫంక్షన్ కోసం మనుషులు కూర్చుని కళ్లు పొడుచుకోవడం దేనికి?

ఎర్ర_క్యాండిల్:
సరే, వాదన ఎందుకని పోయిన వారం ఇక్కడ పెట్టిన బ్యాంక్ నిఫ్టీ కోడ్‌ని మీ టూల్‌లో వేశాను. అందులో కండిషన్ ఇది: టీఏ.ఏడీఎక్స్(14) 25 కంటే ఎక్కువుంటేనే ఎంట్రీ. ట్రెండ్ లేనప్పుడు దూరంగా ఉండాలని ఆయన ఉద్దేశం. మీ టూల్ ఏడీఎక్స్ దొరక్క, దగ్గర పేరని టీఏ.ఏటీఆర్ (ధర సగటున ఎంత కదులుతోందో చెప్పేది) పెట్టింది. రెండు అక్షరాలే తేడా కదా, దాని లెక్కలో అదే దగ్గర. డీఎమ్ఐకి మూడూ మారాలి.

కోడ్ ఎడిటర్‌లో ఒక్క ఎర్రర్ లేకుండా రన్ అయింది. ఏడీఎక్స్ 0 నుంచి 100 లోపు తిరిగేది. ఏటీఆర్ పాయింట్లలో ఉండేది, బ్యాంక్ నిఫ్టీ 15 నిమిషాల చార్టులో దాదాపు ఎప్పుడూ 25 పైనే. అంటే ఆ ఫిల్టర్ ఇప్పుడు తెరిచిపెట్టిన గేటు, ప్రతి సిగ్నల్‌కీ ఎంట్రీ. టూల్ ముట్టుకోకపోతే ఎడిటర్ అక్కడే ఆపేసేది, డబ్బులు మిగిలేవి.

సాయంత్రం_కోడర్:
మార్చిన ప్రతి పేరునీ లాగ్‌లో రాస్తుంది కదండీ. చదువుకుంటే తెలిసేది.

పాత_ఏఎఫ్ఎల్:
లాగ్ చదివేవాడైతే మాన్యువలే చదివేవాడు. దొరకని పేరుంటే లైన్ నంబర్ చెప్పి ఆగిపోవాలి, అంతే. ఇంకోటి, మొదటి లైన్లో వెర్షన్ ఎంతుందో మీ టూల్ చూడట్లేదు. నాలుగో వెర్షన్ స్క్రిప్టులో ఉత్త ఎస్ఎమ్ఏ అని ఉంటే అది తప్పు కాదు, అక్కడ అదే పేరు. ఎవరో రాసుకున్న సొంత ఫంక్షన్‌నీ, అర్రే (విలువల జాబితా) పేరు పక్కన చుక్క పెట్టి పుష్ అని మెథడ్‌లా పిలిచినదాన్నీ కూడా తప్పంటోంది. ఇలా ఉత్తుత్తి ఎర్రర్లు నాలుగు చూశాక ఐదోది నిజమైనా ఎవడూ పట్టించుకోడు.

స్టాప్‌లాస్_తమ్ముడు:
మరి దొరకలేదని చెప్పి ఊరుకుంటే నా ప్రాబ్లమ్ మళ్లీ మొదటికొచ్చింది కదా అన్నా. ఏడీఎక్స్‌కి డీఎమ్ఐ అని నాకెలా తెలుస్తుంది?

పాత_ఏఎఫ్ఎల్:
స్పెల్లింగ్ దగ్గరని కాకుండా, తెలిసినవాళ్లు చేత్తో రాసిన లిస్టులోంచి చెప్పాలి తమ్ముడూ. ఏడీఎక్స్ అంటే డీఎమ్ఐ మూడో విలువ. పాత సెక్యూరిటీ అంటే రిక్వెస్ట్.సెక్యూరిటీ. లిస్టులో లేకపోతే నోరు మూసుకోవాలి. కోడ్‌ని మాత్రం ముట్టుకోకూడదు.

సాయంత్రం_కోడర్:
ఆటోమేటిక్‌గా మార్చడం తీసేస్తున్నాను. వెర్షన్ లైన్ చదివి దాన్నిబట్టి పేర్ల లిస్టు ఎంచుకునేలా చేస్తాను. సొంత ఫంక్షన్లూ వదిలేస్తుంది. మెథడ్స్‌కి టైమ్ పడుతుంది. చాట్‌బాట్లు పుట్టించే పేర్లు మీకు తగిలినవి కింద రాయండి, లిస్టులో వేస్తాను. కానీ చాట్‌బాట్ కోడ్ వరకైనా టూల్ కంపల్సరీ ఉండాలనే ఇప్పటికీ అంటున్నాను.

ఎర్ర_క్యాండిల్:
లిస్టుకి నా వంతు: టీఏ.ఇచిమోకు, టీఏ.స్టాక్ఆర్ఎస్ఐ. రెండూ లేవు. కంపల్సరీకి మాత్రం నా ఓటు లేదు. ఎడిటర్‌లో ఎర్రర్ లేకుండా రన్ అయిన స్క్రీన్‌షాట్ పెట్టమనండి చాలు.