ఈ వారం సమస్య: ఇజ్జతున్నవాడె హీనుడయ్య

మోడరేటర్: బస్సులో ఒకాయన ఫోన్లో "ఇజ్జత్ తీసినవ్ గదరా" అని అరుస్తుంటే ఈ లైన్ తట్టింది. ఇజ్జత్ అంటే పరువు. దీన్నే చివరి పాదంగా పెట్టి, అర్థం కుదిరేలా పద్యం పూరించాలి. కానివ్వండి.
ఇజ్జతున్నవాడె హీనుడయ్య

గోదారిగట్టు:
తాత తాగెను నేయి తన మూతి చూడంచు
వాడవాడ తిరిగి వాగుచుండు
సొంత చెమట లేదు సుంతైన, తాతల
ఇజ్జతున్నవాడె హీనుడయ్య

ఓరుగల్లు పిల్ల: భావం మస్తుంది అన్నా, తాతల పేరు మీద బతికెటోళ్ళని మంచిగ కడిగినవ్, కానీ "తాగెను" కాడ ఒక లఘువు, అంటే పొట్టి అక్షరం, ఎక్కువైంది, "ను" తీసేస్తే సాఫ్. ఇగ నాది:
అరబు నేల పుట్టి ఆపైన పారశీ
బాట నడచి మనకు బంధువయ్యె
దాని నమ్ముకొన్న ధనముతో పేరుకే
ఇజ్జతున్నవాడె హీనుడయ్య

గోదారిగట్టు: ఇజ్జత్‌ని నమ్ముకున్నోడు హీనుడెలా అవుతాడమ్మా, అర్థమే తిరగబడింది. ఇంతకుముందు నువ్వు రాసిన తామర పూరణ కూడా ఇంతే, పువ్వో చర్మరోగమో చివరిదాకా తేలలేదు.

ఓరుగల్లు పిల్ల: దానిన్ + అమ్ముకొన్న! ఇంకోసారి చదువు అన్నా. అమ్ముకున్న పైసలతోని పేరుకు ఇజ్జత్ ఉన్నోడు. తామర సమజైనోళ్ళు అప్పుడే మెచ్చుకున్నరు.

డల్లాస్ బాబాయ్: ఆ విరుపుకి నూటికి నూరు తల్లీ, నమ్మడం అమ్మడం రెండూ ఒకే అక్షరాల్లో ఇమిడ్చావు. మొదటి రెండు పాదాలు కూడా నిజమే, అరబ్బీలో ఇజ్జ అంటే బలం, గొప్పతనం, అజీజ్ అనే పేరూ ఆ ధాతువుదే, బేఇజ్జత్‌లో ఉన్న "బే" మాత్రం పారశీ. నిజాం సర్కారు కచేరీల్లో ముందు పారశీ, తర్వాత ఉర్దూ, 1918లో పెట్టిన ఉస్మానియాలో పాఠాలు కూడా ఉర్దూలోనే చెప్పేవాళ్ళు, అలా ఈ మాట తెలంగాణ పల్లెల్లో కూడా అందరి నోటా నాటుకుపోయింది.

నాంపల్లి ప్యాసింజర్: రైలు ఇజ్జత్ ఎవరికీ గుర్తు రాలేదా? 2009 రైల్వే బడ్జెట్లో వచ్చిన నెల పాస్ పేరే ఇజ్జత్, నెలకి 1500 రూపాయల లోపు సంపాదించే కూలోళ్ళకి వంద కిలోమీటర్ల దాకా అప్పట్లో 25 రూపాయలే. టీసీ వస్తే దాక్కునే పని లేకుండా జేబులోంచి పాస్ తీసి చూపించడం, ఇజ్జత్ అంటే అదే కదా, దాని మీద ఒక్క పద్యమైనా రావాలి.

మోడరేటర్: రావాల్సిందే, ఎవరైనా అందుకోండి. నా ఓటు మాత్రం "దాని నమ్ముకొన్న"కే. గోదారిగట్టు గారూ, ఆ "ను" తీసి మళ్ళీ పెట్టండి, నెయ్యి పద్యాన్ని లోపంతో వదిలేయడానికి మనసొప్పట్లేదు.