సిగ్నల్ లేని వాగు దగ్గర ఫోన్లతో ఫీల్డ్ వర్క్: యాప్ ఏది, ఎత్తును నమ్మొచ్చా?

వాగుగట్టు:
తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక వాగు వెంట వాలు, ఒడ్డు కోత, భూ వినియోగం నమోదు చేయించాలి. ఆరు ఫోన్లున్నాయి, గుంపుకొకటి. అక్కడ నెట్ రాదు. తిరిగొచ్చాక అందరి పాయింట్లూ ఒకే పటం మీద కనపడాలి. ఏ యాప్ మేలు? జీపీఎస్ చూపే ఎత్తుతో వాగు వాలు లెక్కించొచ్చా?

అక్షాంశం:
జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదండి. కాకపోతే ఉపగ్రహాల కక్ష్య వివరాలు నెట్‌లో క్షణాల్లో దిగుతాయి. నెట్ లేకపోతే వాటినీ ఉపగ్రహాల నుంచే అందుకోవాలి, మొదటి పాయింట్‌కి నిమిషాలు పడుతుంది. అందుకే బయల్దేరేముందు, సిగ్నల్ ఉన్నచోట, ఆరుబయట ఒకసారి లొకేషన్ పట్టించండి.

యాప్ అంటే కోబోకలెక్ట్ గానీ ఓడీకే కలెక్ట్ గానీ. ఫారం ముందే ఫోన్లోకి దించుకుంటే నింపినవన్నీ అందులోనే ఉంటాయి, నెట్ రాగానే పంపొచ్చు. భూ వినియోగాన్ని మాత్రం టైప్ చేయనివ్వకండి, ఎంపికల జాబితా పెట్టండి. లేదంటే ఒకరు 'పొలం', ఒకరు 'సాగు', ఇంకొకరు 'వ్యవసాయం' అని రాస్తారు, పటంలో మూడు రంగులొస్తాయి.

ఆరుబయట ఫోన్ తప్పు సుమారు 5 మీటర్లు. చెట్ల కింద, నిటారు గట్ల పక్కన ఇంకా పెరుగుతుంది. ఆండ్రాయిడ్‌లో కనిపించే ఆ తప్పు అంకె కూడా 68 శాతం నమ్మకానిదే. అంటే మూడింట ఒక పాయింట్ అంతకన్నా దూరంగా పడొచ్చు. 10 మీటర్ల వెడల్పు వాగులో ఎడమ ఒడ్డు, కుడి ఒడ్డు తారుమారవుతాయి. ఏ ఒడ్డో ఫారంలో విడిగా అడగండి.

నీటిమట్టం:
ఎత్తుతో వాలు లెక్కించొద్దు. నిలువు తప్పు అడ్డం తప్పుకన్నా ఎక్కువ. పైగా కొన్ని యాప్‌లు సముద్ర మట్టం నుంచి కాక దీర్ఘవృత్తజం (భూమి ఆకారానికి లెక్కల్లో వాడే నున్నటి నమూనా) నుంచి ఎత్తు చూపుతాయి. ఆ తేడా కొన్నిచోట్ల 100 మీటర్ల దాకా ఉంటుంది.

వాలు కొలిచే యాప్ ఒడ్డు వాలుకు బాగానే పనికొస్తుంది: సమాన ఎత్తున్న ఇద్దరు పిల్లల్ని 10 మీటర్ల దూరంలో నిలబెట్టి, ఒకరు ఫోన్ అంచు మీదుగా రెండోవారి కళ్లకు గురిపెట్టాలి. వాగు అడుగు వాలుకు అది చాలదు. ఒక డిగ్రీ అంటే 100 మీటర్లకు 1.75 మీటర్లు. చాలా వాగులది అంతకన్నా తక్కువ, చేత్తో పట్టుకున్న ఫోన్ తప్పేమో దాదాపు అంత. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల ట్యూబే ఇక్కడ నయం, బుడగలు లేకుండా నింపితే.

దిక్సూచి వాడితే అయస్కాంతమున్న కవర్లు తీసేయించండి.

వాగుగట్టు:
ఫొటోలు గుంపుల నుంచి వాట్సాప్‌లో తెప్పించుకోవచ్చా?

అక్షాంశం:
మామూలు ఫొటోగా పంపితే అందులోని లొకేషన్ పోతుంది. డాక్యుమెంట్‌గా పంపించండి, లేదా ఫారంలోనే తీయించండి.

పటానికి, నింపిన ఫారాలను సీఎస్వీ ఫైల్‌గా (కామాలతో విడదీసిన పట్టిక) దించుకుని గూగుల్ మై మ్యాప్స్‌లో ఎక్కించొచ్చు, ఒక్కో లేయర్‌కి 2000 వరసల దాకా. మధ్యలో ఎక్సెల్‌లో తెరిస్తే అక్షాంశ, రేఖాంశాల దశాంశ స్థానాలు చూసుకోండి: అయిదుంటే తేడా సుమారు మీటరు, మూడే మిగిలితే 100 మీటర్లు దాటుతుంది, పాయింట్లన్నీ గళ్లలో పేర్చినట్టు వరసలు కడతాయి. కాగితం మీద రాసుకున్నవి కలిపేటప్పుడు డిగ్రీలో 30 నిమిషాల్ని .30 అని కొట్టకండి, డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి అది .5.

నీటిమట్టం:
బ్యాటరీ మాట మరిచారు. సిగ్నల్ లేనిచోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూ ఛార్జింగ్ తినేస్తుంది. విమానం మోడ్‌లో పెట్టి లొకేషన్ ఆన్‌లో ఉంచండి. జీపీఎస్ చాలా ఫోన్లలో పనిచేస్తుంది, ముందురోజే ఆరూ పరీక్షించుకోండి.